కుక్క నోట చిక్కిన కోడి

మాఘం దాటి ఫాల్గుణం వచ్చేసరికి దాచేపల్లి చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రబడతాయి. నాగులేటికి అటూ ఇటూ ఉన్న నల్లరేగడి చేలల్లో కోసిన మిరపకాయను పట్టాల మీద పరిచి ఎండబెడతారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతుంటారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే తప్ప కూర్చోలేనంత ఘాటు. ఆ ఘాటులోకి ఒక నాటుకోడి పెట్ట పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, పగిలిన కాయల్లోని గింజల్ని జొన్నలు ఏరుకున్నంత తేలిగ్గా ఏరుకుని తింటుంది. తుమ్మదు, తల విదిలించదు, నీళ్లకోసం పరిగెత్తదు.

మిరపకాయ మంటకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. మన నాలుక మీద, చర్మంలో, కళ్లలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది. క్యాప్సైసిన్ దానికి అతుక్కోగానే, నిప్పు తగిలిందని మెదడుకు కబురు వెళుతుంది. కోడికీ ఆ గ్రాహకం ఉంది, వేడి తగిలితే పనిచేస్తుంది కూడా. కానీ దాని నిర్మాణంలో ఉన్న చిన్న తేడా వల్ల క్యాప్సైసిన్ దాన్ని కదిలించలేదు. 2002లో స్వెన్ ఎరిక్ జోర్ట్, డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తలు కోడి గ్రాహకాన్నే తీసుకుని ఈ సంగతి తేల్చారు. మంటను పసిగట్టే గ్రాహకాల మీద చేసిన కృషికి జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

అదే కల్లం దగ్గర కాపలాగా పడుకున్న కుక్క మాత్రం మిరపకాయకు మనలాగే అల్లాడుతుంది. అది పాలిచ్చే జాతి, మన వైపు ప్రాణి. కోడి మన వైపు ప్రాణి కాదు. కుక్క కోడిని పట్టిన రోజున గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. దూడకి దెబ్బ తగిలితే, పిల్లాడు పడితే, మేకకి గాయమైతే మన చేతులు అలవాటుగా చేసే పనులున్నాయి. అవే పనులు కోడికి చేస్తే, కుక్క పళ్లు వదిలేసిన ప్రాణం మన ప్రేమ వల్ల పోవచ్చు.

కుక్క కోడిని పట్టిందన్న కేక వినగానే ఇళ్లల్లో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇంకేం బతుకుద్దిరా, కోసెయ్" అనేది ఒకటి. "కాస్త పసుపద్ది గంప కింద మూసెయ్యవే అమ్మాయ్" అనేది రెండోది, ఇది ఎక్కువగా ఇంట్లో పెద్దావిడ మాట. ఆ రెండో మాటలో గంప సంగతి బంగారం లాంటిది. పశువైద్యులు కూడా మొదట చెప్పేది అదే: చీకటి, నిశ్శబ్దం, ఒంటరితనం. కుక్క నోట్లోంచి బయటపడ్డ కోడి గుండె నిమిషానికి కొన్ని వందల సార్లు కొట్టుకుంటూ ఉంటుంది. భయం పుట్టించే హార్మోన్లు ఒళ్లంతా ముంచెత్తుతాయి. పైకి పెద్ద గాయం లేకపోయినా అరగంట తర్వాత తల వాల్చేసే కోళ్లు ఉంటాయి. అది షాక్. వెలుతురు, మనుషుల మాటలు, పిల్లలు ముట్టుకోవడం, కుక్క అరుపు, ఇవన్నీ దాన్ని ఇంకా పెంచుతాయి. గంప మీద తడి లేని గోనెసంచి కప్పి, లోపల పాత గుడ్డ పరిచి, ఓ మూల పెట్టేస్తే సగం వైద్యం అయినట్టే.

అయితే రక్తం ధారగా కారుతుంటే గంప తర్వాత. ముందు శుభ్రమైన గుడ్డతో గాయాన్ని అయిదు నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు. పక్షి ఒంట్లో రక్తం దాని బరువులో సుమారు 7 శాతం. కిలోన్నర నాటుకోడిలో ఉండే రక్తమంతా కలిపితే ఒక టీ గ్లాసుడు. నేల మీద రెండు చెంచాల రక్తం కనిపిస్తే మనిషి లెక్కలో అది ఏమీ కాదు, కోడి లెక్కలో తక్కువేం కాదు.

ఎత్తుకోవడంలోనూ తేడా ఉంది. బెదిరిన కోడిని గుండెకు గట్టిగా హత్తుకోవాలనిపిస్తుంది. మనకు ఛాతీకి, పొట్టకు మధ్య ఒక కండరపు పొర ఉంది, దాన్ని కిందికి లాగి ఊపిరి తీసుకుంటాం. కోడికి అలాంటి పొర లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. ఆ ఎముక కదలకుండా పట్టుకుంటే ఊపిరి ఆగుతుంది, అరవకుండానే చనిపోతుంది. రెక్కల్ని మాత్రం ఒంటికి ఆనించి, అరచేతిని రొమ్ము కింద ఊతగా పెట్టి, వదులుగా ఎత్తుకోవాలి. కాళ్లు పట్టి తలకిందులుగా మోసుకెళ్లే అలవాటు సంతలో ఎంత మామూలైనా, దెబ్బ తిన్న కోడి విషయంలో ప్రాణాంతకం.

కోడి ఊపిరి కథ ఇంతటితో అయిపోలేదు. దాని ఊపిరితిత్తులు మనవాటిలా ఉబ్బి తగ్గవు. వెన్నుకు అతుక్కుని దాదాపు కదలకుండా ఉంటాయి. గాలిని లాగి తోసే పనంతా గాలి సంచులు చేస్తాయి. పల్చటి పొరలతో చేసిన ఆ సంచులు తొమ్మిది దాకా ఉండి, మెడ మొదలు నుంచి పొట్ట దాకా పరుచుకుంటాయి. కొన్ని ఎముకల్లోకి కూడా చొరబడతాయి. రెక్కను భుజానికి కలిపే పెద్ద ఎముక లోపల గుజ్జు బదులు గాలే ఉంటుంది. 1774లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఈ సంగతిని పరీక్షించి రాశాడు. కోడి గొంతులోని గాలిగొట్టాన్ని కట్టేసి, రెక్క ఎముకను కోస్తే, ఆ కోసిన ఎముకలోంచే గాలి లోపలికీ బయటికీ ఆడింది. ఇవాళ చదివితే ఒళ్లు జలదరించే ప్రయోగం. కానీ అందులోని నిజం మన దొడ్డికి నేరుగా పనికొస్తుంది. కుక్క రెక్కను కొరికి ఆ ఎముకను విరిచి, ఆ విరుపు బయటికి కనిపిస్తుంటే, దాని మీద చెంబుతో నీళ్లు పోయడమంటే కోడి ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయడమే. వీపు మీద, పక్కల మీద లోతుగా దిగిన పంటిగాట్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఈ గాలి సంచుల వల్లే ఇంకొక వింత కనిపిస్తుంది. దెబ్బ తిన్న కొన్ని గంటలకు కోడి ఒకపక్క బుడగలా ఉబ్బుతుంది. వేలితో నొక్కితే ఎండుటాకులు నలిగినట్టు చప్పుడు. చూసినవాళ్లు చీము పట్టిందనో, విషం ఎక్కిందనో భయపడతారు. పంటిగాటుకు గాలి సంచి చిల్లుపడి, ఆ గాలి చర్మం కిందికి చేరిందని అర్థం. చిన్న ఉబ్బు చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. ఊపిరికి అడ్డం వచ్చేంతగా పెరుగుతుంటే డాక్టరు సూదితో గాలి తీస్తారు. ఇంట్లో గుండుసూదితో పొడవకూడదు.

కోడి కాస్త కుదుటపడ్డాక, ఓ గంటకో రెండు గంటలకో, మెల్లగా ఈకలు విడదీసి ఒళ్లంతా చూడాలి. కోడి చర్మం కాగితంలా పల్చగా ఉంటుంది, కింద కండకు గట్టిగా అతుక్కుని ఉండదు. అందుకే కుక్క లాగినప్పుడు అరచేయంత చర్మం చిరిగి పక్కకు జరగడం మామూలే. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, కానీ అలాంటి చీలిక బాగా మానుతుంది. తాజాగా ఉంటే డాక్టరు కుట్లు వేస్తారు. భయపడాల్సింది ఈకల కింద కనిపించకుండా ఉన్న చిన్న చిల్లులకి. కుక్క కోరపన్ను సన్నగా దిగి, లోపల కండను నలిపి, తన నోటి సూక్ష్మజీవుల్ని అడుగున వదిలి బయటికొస్తుంది. పైన రంధ్రం రెండు రోజుల్లో మూసుకుపోతుంది, లోపల కుళ్లు మొదలవుతుంది. అలాంటి చిల్లును ఇంట్లో కుట్టకూడదు, జిగురుతో అతికించకూడదు. తెరిచే ఉంచి, లోపలి నుంచి మానేలా చూడాలి.

మెడ కింద మేత సంచి దగ్గర గాయముంటే ఇంకొంచెం శ్రద్ధగా చూడండి. తిన్న గింజలు, తాగిన నీళ్లు ఆ గాయంలోంచి బయటికి వస్తుంటే సంచి చిరిగినట్టు. దాన్ని కుట్టాల్సిందే. పొట్ట చిల్లుపడి పేగు కనిపిస్తున్నా ఆలస్యం చేయకూడదు.

కడగడానికి కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో రెండు చిన్న చెంచాలకు కొంచెం తక్కువ ఉప్పు, అంటే 9 గ్రాములు కలిపితే చాలు. అది ఒంటి ద్రవాలతో సరితూగే ఉప్పదనం, కండను మండించదు. దూదితో కాక శుభ్రమైన గుడ్డ ముక్కతో అద్ది తుడవాలి, దూది పీచు గాయంలో ఉండిపోతుంది. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను పల్చటి టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి అద్దవచ్చు. గాయం చుట్టూ ఈకలు అంటుకుపోతుంటే కత్తెరతో కత్తిరించాలే గాని పీకకూడదు, ఈకతో పాటు చర్మమూ చిరుగుతుంది. కోడికి మొత్తం స్నానం చేయించవద్దు. తడిసిన ఈకలు ఒంటి వేడిని నిలపలేవు. కోడి ఒంటి వేడి 41 నుంచి 42 డిగ్రీలు. అది జారిపోతే షాక్‌లో ఉన్న పక్షి తిరిగి తెచ్చుకోలేదు.

ఇక పసుపు. పసుపుకు సూక్ష్మజీవుల్ని కొంత అణచే గుణం ఉన్న మాట నిజమే. కానీ లోతైన పంటిగాటు మీద డబ్బాలోని పొడి కుక్కితే అది లోపల ముద్దకట్టి, కుళ్లుకు మూత వేసినట్టవుతుంది. పైపై గీతలకు అద్దితే నష్టం లేదు, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోకండి. సున్నం మాటెత్తాలంటే నాకు భయం. సున్నపు బట్టీల నాడు మనది, పిడుగురాళ్ల నుంచి ఇటు వస్తుంటే ఆ తెల్లదనం కళ్లకు కడుతుంది. చేతికందే వస్తువు కనుక రక్తం ఆపడానికి సున్నం అద్దేవాళ్లున్నారు. అది తడి కండను కాల్చేస్తుంది. కిరసనాయిలు కూడా అంతే.

అన్నిటికన్నా ప్రమాదం పత్తి చేనుకు తెచ్చిన మందు. గాయంలో పురుగు పడితే, "పురుగులమందే కదా" అని రెండు చుక్కలు వేసే పద్ధతి ఉంది. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నరాల మీద పనిచేస్తాయి, పక్షులకు అవి మరీ విషం. 1990లలో అర్జెంటీనా పొలాల్లో ఇదే మందు వల్ల వలస గద్దలు వేల సంఖ్యలో రాలిపోయాయి. పచ్చి గాయంలోంచి ఆ మందు రెండు చుక్కలు ఒంట్లోకి చేరినా కోడి ప్రాణం పోవచ్చు. పురుగు పడితే ఉప్పునీళ్లతో తడుపుతూ, చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే ఏరాలి. పడకుండా చూసుకోవడం ఇంకా తేలిక: గంప మీద పాత దోమతెర ముక్క కప్పండి. మన ఎండల్లో ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజులోపే పురుగులవుతాయి.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. జబ్బు పక్షిని వెచ్చగా ఉంచాలని, 30 డిగ్రీల దాకా వేడి ఇవ్వాలని పుస్తకాల్లో ఉంటుంది. అది చలిదేశాల్లో, మనకైతే ధనుర్మాసపు రాత్రుల్లో సరిపోయే మాట. ఏటా వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసిందని పేపర్లో పేరెక్కే రెంటచింతల మనకు దగ్గరే. ఏప్రిల్, మే నెలల్లో దాచేపల్లి రేకుల షెడ్డు కింద బల్బు వెలిగించి కోడిని పెడితే ఉడికించినట్టే. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడమే దాని చల్లదనం. దెబ్బ తిన్న ఊపిరితో రొప్పడం దానికి రెట్టింపు కష్టం. వేసవిలో గంపను వేపచెట్టు కిందో, నాపరాళ్లు పరిచిన వసారాలోనో ఉంచి, పక్కన తడి గోనె వేలాడదీయండి.

నీళ్లు పట్టించేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. మెడ ఎత్తి, ముక్కు తెరిచి చెంచాతో పోస్తారు. కోడి గాలిగొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, కళ్లకు కనిపిస్తుంది కూడా. పోసిన నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార కలిపిన నీళ్లలో ముక్కు కొన మాత్రం ముంచండి, లేదా ముక్కు పక్కన చుక్క అంటించండి. తనే చప్పరిస్తుంది. తాగలేని కోడికి ఏమీ పోయకపోవడమే మంచిది. మేత మర్నాడైనా పరవాలేదు: మెత్తటి అన్నం, రాగిజావ, ఉడికించిన గుడ్డు సొన. రెండు రోజులు తినని కోడి రెట్ట ఆకుపచ్చగా వస్తుంది. కడుపులో మేత లేక పైత్యరసం ఒక్కటే దిగుతుందని దానర్థం.

ఆకుపచ్చ ఇంకొక చోటా కనిపిస్తుంది. రెండో రోజో మూడో రోజో గాయం చుట్టూ చర్మం పసరు రంగుకు తిరుగుతుంది. "కుళ్లిపోయింది, ఇక లాభం లేదు" అని కోసేసిన కోళ్లెన్నో. మనకు దెబ్బ తగిలిన చోట కమిలి నల్లబడి, తర్వాత పసుపు రంగుకు వస్తుంది. రక్తంలోని ఎర్రపదార్థం విరిగి ముందు ఆకుపచ్చ పదార్థంగా, ఆ తర్వాత పసుపు పదార్థంగా మారుతుంది. ఆ రెండో మార్పు చేసే ఎంజైమ్ పక్షుల్లో పనిచేయదు. అందుకే కోడి కమిలితే ఆకుపచ్చ దగ్గరే ఆగుతుంది. వారం పది రోజుల్లో పోతుంది. కుళ్లును పట్టించేది రంగు కాదు, వాసన, తడి, చల్లబడ్డ నల్లటి చర్మం.

చీము కూడా మనం అనుకున్నట్టు ఉండదు. మన చీము జారుతుంది, గాటు పెడితే కారిపోతుంది. కోడి తెల్లకణాల్లో మన కణాల్లోలాగా కుళ్లును కరిగించే ఎంజైమ్ ఒకటి లేదు. దాంతో చీము జున్నుముక్కలా గట్టిపడి ఉండిపోతుంది. పిండితే రాదు, కరగదు. గాయం మానినట్టే కనిపించి చర్మం కింద గోలీలా గట్టి గడ్డ తగిలితే, డాక్టరు కోసి తీయాల్సిందే.

కుక్క నోటి సూక్ష్మజీవుల్లో పాశ్చురెల్లా అనే కుటుంబం ఉంది. ఆ పేరు లూయీ పాశ్చర్‌ది. 1880 ప్రాంతంలో ఆయన కోళ్ల కలరా మీద పనిచేస్తూ, పాతబడి బలం తగ్గిన సూక్ష్మజీవిని కోడికి ఎక్కిస్తే ఆ కోడికి తర్వాత జబ్బు రాలేదని కనిపెట్టాడు. ప్రయోగశాలలో బలం తగ్గించి చేసిన టీకాలకు దారి వేసింది మన దొడ్లో తిరిగే ఈ పక్షే. అయిదేళ్లకు, 1885లో, ఆయనే పిచ్చికుక్క కాటుకు టీకా ఇచ్చాడు. పిచ్చికుక్క వ్యాధి పాలిచ్చే జంతువులది, కోళ్లకు రాదనే చాలాకాలం అందరూ అనుకున్నారు. కానీ కుక్క కరిచిన ఒక నాటుకోడికి ఆ వ్యాధి సోకినట్టు 2015లో మన దేశం నుంచే పరిశోధన పత్రం వెలువడింది. అత్యంత అరుదైన సంగతే, అయినా దాని వల్ల ఒక జాగ్రత్త మనకు తప్పనిసరి. కోడి ఈకల మీద కుక్క లాలాజలం ఉంటుంది. చేతికి తొడుగు వేసుకోండి, చేతి మీద గీతలుంటే మరీ. తర్వాత సబ్బుతో బాగా కడగండి. పట్టింది ఊరకుక్క అయినా, ఇంటి కుక్కకు టీకా వేయించకపోయినా, దాని ప్రవర్తనలో మార్పు ఉన్నా, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అలాంటి కోడిని కోసి వండుకునే ఆలోచన మానుకోండి.

లోతైన పంటిగాటుకు యాంటీబయాటిక్ అవసరం, అదీ మొదటి రోజే. ఏది, ఎంత అన్నది పశువైద్యులే చెప్పాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి తెలుస్తుంది. కోడికోసం ఫోన్ చేస్తే నవ్వుతారేమోనని చాలామంది వెనకాడతారు. వెనకాడొద్దు. గేదె పాలడబ్బు ఇంటి లెక్కలో కలుస్తుంది, గుడ్ల డబ్బు మాత్రం చాలా ఇళ్లల్లో ఆడవాళ్ల కొంగున ఉండే సొంత డబ్బు. మందు వాడినన్నాళ్లూ, డాక్టరు చెప్పిన గడువు దాకా ఆ కోడి గుడ్లు తినకూడదు.

నొప్పి గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. మిరపకాయ మండదు కాబట్టి కోడికి నొప్పి తెలియదనుకోకండి. దెబ్బ తగిలినా అది అరవదు, కుంటుతూనే మేత పొడుస్తుంది. బలహీనత బయటపెట్టిన పక్షిని గద్ద ముందు ఎంచుకుంటుంది, తోటి కోళ్లు పొడుస్తాయి. అందుకే దాచుకుంటుంది. 2000లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో కుంటి కోళ్ల ముందు రెండు రకాల మేత పెట్టారు, ఒకదాంట్లో నొప్పి మందు కలిపారు. కుంటి కోళ్లు ఆ మేతనే ఎక్కువ తిన్నాయి. కుంటు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ తిన్నాయి. చెప్పడానికి నోరు లేకపోయినా ఎంచుకుని చూపించాయి. అలాగని ఇంట్లో ఉన్న మాత్ర నలిపి వేయకండి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పశువుల కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలు పాడుచేసి వాటి జాతినే దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. పక్షులకు మెలాక్సికామ్ లాంటి మందు ఉంది, మోతాదు డాక్టరు తేలుస్తారు.

కొన్నిటికి ఏదీ పనిచేయదు. వెన్ను విరిగి కాళ్లు రెండూ చచ్చుబడితే, పేగులు చిరిగితే, నోరు తెరిచి ఊపిరి లాగుతూ గంటలు గడిచిపోతుంటే, దాన్ని గంప కింద ఉంచి చూడటం దయ కాదు. తెలిసిన చేతితో వెంటనే బాధ ముగించడమే మేలు.

బతికిన కోడిని మందలో కలపడానికి తొందరపడొద్దు. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవచ్చో ఒక వరస ఉంటుంది. నార్వేకు చెందిన షెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుంచీ తన కోళ్లను చూస్తూ నోట్సు రాసుకుని, వందేళ్ల కిందట ఈ సంగతి లోకానికి చెప్పాడు. వారం పది రోజులు కనబడకుండా పోయిన కోడి తన చోటు పోగొట్టుకుంటుంది. ఎర్రగా కనిపించే గాయం మీద అందరూ పొడుస్తారు. అందుకే కోడి పూర్తిగా తేరుకున్నాక గంపను మిగతా కోళ్లకు కనిపించేలా పెట్టండి. గాయం పూర్తిగా మూసుకున్నాక, రాత్రి గూట్లో చేరాక, చీకట్లో వాటి మధ్య వదలండి.

కుక్కను కొట్టడం వల్ల ఉపయోగం లేదు. అది పగతో పట్టలేదు. పరిగెత్తేదాన్ని తరమడం, పట్టడం, విదిలించడం దాని నెత్తుటిలో ఉన్న వరస. కోడి రెక్కలు కొట్టుకోవడమే దానికి పిలుపు. తర్వాత తల వంచుకుని చూస్తే తప్పు తెలిసిందనుకుంటాం. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ చేసిన పరిశోధనలో, తప్పు చేయని కుక్క కూడా యజమాని తిడితే అదే చూపు చూసింది. ఆ చూపు తిట్టుకు జవాబు. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టే పాత శిక్ష కూడా ఏమీ నేర్పదు. మధ్యన కంచె, కుక్కపిల్లగా ఉన్నప్పటి నుంచే కోళ్ల మధ్య అలవాటు, మనం చేలో ఉన్నప్పుడు గొలుసు, ఇవే పనిచేస్తాయి.

భయపడ్డ పెట్ట కొన్నాళ్లు గుడ్డు మానేస్తుంది. ఆ రోజు కడుపులో ఉన్న గుడ్డు ఆలస్యంగా, పైన సుద్ద పూసినట్టు తెల్లగా రావచ్చు. భయం వల్ల గుడ్డును బిగబట్టి ఉంచితే పెంకు మీద ఇంకో పొర పడుతుంది. తోక ఈకలు పోయుంటే అది దాని అదృష్టమే. పట్టుబడ్డ పక్షి తోక ఈకల్ని తేలిగ్గా వదిలేస్తుంది, కుక్క నోట్లో ఈకలు మిగులుతాయి, కోడి మిగులుతుంది. మొదలంటా ఊడిన ఈక చోట కొద్ది రోజుల్లోనే కొత్తది మొలుస్తుంది. మొలిచేటప్పుడు అది రక్తం నిండిన ముల్లులా ఉంటుంది, తగిలితే నొప్పి, విరిగితే కారుతుంది. సగంలో విరిగి మొదలు మిగిలిన ఈక మాత్రం, కోడి ఈకలు మార్చుకునే కాలం దాకా అలాగే ఉంటుంది. ఆ తోక లేని పెట్ట మళ్లీ కల్లంలోకి వచ్చి మిరపగింజలు ఏరుకుంటుంటే, కుక్క గొలుసు ఎంత దూరం వస్తుందో ఓసారి కొలిచి చూడండి.